డిటెక్టర్ మార్చే ముందు ఒకసారి మూత పెట్టి చూడండి

1.65 మైక్రాన్ల లేజర్‌తో మీథేన్ లీకులు పట్టే పరికరం తయారు చేశారు, లేజర్ తగిలే గోడ 20 మీటర్లు దాటితే తిరిగొచ్చే సిగ్నల్ నాయిజ్‌లో (అక్కర్లేని విద్యుత్ రొదలో) కలిసిపోతోంది, ఖరీదైన డిటెక్టర్ (వెలుతురుని పట్టే భాగం) కొనాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే కొనకండి. నేను ఆ పనే చేసి నష్టపోయాను.

నా డిటెక్టర్, అంటే వెలుతురుని కరెంటుగా మార్చే 1 మి.మీ. ఇండియం గాలియం ఆర్సెనైడ్ ఫోటోడయోడ్ తీసేసి 3 మి.మీ.ది పెట్టాను. వెలుతురు ఎక్కువ పడుతుందని నా లెక్క. తీరా చూస్తే నాయిజే పెరిగింది. లెన్స్ అప్పటికే వెలుతురునంతా చిన్న చుక్కగా చేస్తోంది కాబట్టి అదనపు వైశాల్యానికి పని లేదు. కెపాసిటెన్స్ (ఛార్జ్‌ని నిల్వ చేసే గుణం) మాత్రం దాదాపు తొమ్మిది రెట్లయింది, దాంతో సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్ సొంత నాయిజ్ పెద్దదై బయటికొచ్చింది. పాతదే మళ్లీ సోల్డర్ చేశాను.

అప్పుడు చేసిన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. లేజర్ ఆపి, లెన్స్‌కి మూత పెట్టి నాయిజ్ కొలవండి. మూత తీసి, ఎండలో ఉన్న గోడ వైపు తిప్పి మళ్లీ కొలవండి. రెండోది బాగా ఎక్కువగా ఉంటే దోషం ఎండది: లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మాత్రమే వదిలే సన్నటి ఫిల్టర్ పెట్టాలి. రెండూ ఒకటే అయితే ఆంప్లిఫయర్‌ని అనుమానించాలి.

నాది రెండో కేసు. ఆంప్లిఫయర్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లు ఉండేది, 1 మెగా ఓమ్ చేశాను. సిగ్నల్ 100 రెట్లయితే రెసిస్టర్ నాయిజ్ 10 రెట్లే అవుతుంది, అంటే ఆ లెక్కన 10 రెట్లు లాభం. బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగంగా మారే సిగ్నల్‌ని పట్టగలదో ఆ హద్దు) తగ్గుతుంది, కానీ 10 కిలోహెర్ట్జ్‌తో లేజర్‌ని మాడ్యులేట్ చేసి (తరంగదైర్ఘ్యాన్ని అటూ ఇటూ ఊపి), ఒకే ఫ్రీక్వెన్సీని ఏరి కొలిచే లాక్-ఇన్‌తో దానికి రెట్టింపైన 20 కిలోహెర్ట్జ్ దగ్గర రెండో హార్మోనిక్ చూసుకునేవాళ్లకి అది చాలు. మాడ్యులేషన్ లేకుండా నేరుగా కొలుస్తుంటే మాత్రం ముందు అది పెట్టుకోండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో నాయిజ్‌తో ఎవరూ గెలవలేరు.

సిగ్నల్‌ని తనలోనే పెంచే అవలాంచ్ ఫోటోడయోడ్ కూడా ఆంప్లిఫయర్ నాయిజ్ ఎక్కువగా ఉన్నప్పుడే పనికొస్తుంది. ఎండ వల్ల వచ్చే నాయిజ్‌ని అది ఇంకా పెంచుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా గ్యాస్ లేని చోట అలల్లాంటి సిగ్నల్ కనిపిస్తే అది డిటెక్టర్ తప్పు కాదు, పరికరంలో వెలుతురు వెళ్లే గాజు కిటికీ రెండు ముఖాల మధ్య వెలుతురు అటూ ఇటూ తిరగడం. కిటికీని కొంచెం వాల్చండి. దీనికి నాకు రెండు వారాలు పట్టింది, అంతసేపూ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మూత పెట్టినప్పటి, తీసినప్పటి విలువలు, మీ రెసిస్టర్ ఎంతో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.