పాఠకుల ప్రశ్నలు: హైడెల్‌బర్గ్ కేటకిజం రాసిన ఉర్సినస్ గురించి

పోయిన సంచికలో జెనీవా గురించి రాస్తూ ఒక్క వాక్యంలో ఉర్సినస్ పేరు చెప్పి వదిలేశాం. ఆయనెవరు, ఏం రాశాడు అని చాలామంది అడిగారు, అందుకని ఈసారి పేజీ మొత్తం ఆయనకే.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు): లూథర్ తెలుసు, కాల్విన్ తెలుసు. ఈ ఉర్సినస్ ఎవరండీ? సండే స్కూల్లో కూడా ఎప్పుడూ వినలేదు.

జవాబు: మీరే కాదమ్మా, చాలామంది వినలేదు. కానీ ఆయన రాసిన హైడెల్‌బర్గ్ కేటకిజం (క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే పుస్తకం) మాత్రం నాలుగున్నర వందల ఏళ్ళుగా ఆదివారం ఆదివారం చదువుతూనే ఉన్నారు. జకారియాస్ ఉర్సినస్ 1534 జూలైలో బ్రెస్లావ్‌లో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. పదిహేనేళ్ళకే చదువుకోడానికి విట్టెన్‌బర్గ్ వెళ్ళాడు, అంటే లూథర్ ఊరే, కానీ అప్పటికి లూథర్ పోయి నాలుగేళ్ళయింది, ఆయన తోటి పనివాడు ఫిలిప్ మెలంక్తన్ ఇంకా పాఠాలు చెప్తున్నాడు, మనవాడు ఆయన దగ్గర దాదాపు ఏడేళ్ళు చదివాడు. ఈ మెలంక్తన్ శిష్యరికాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఉర్సినస్ స్వభావం సగం అక్కడే తయారైంది. మెలంక్తన్ గొడవలంటే విసిగిపోయిన మనిషి, విశ్వాసుల మధ్య గోడలు కట్టడం ఇష్టం లేని మనిషి. ఆ తర్వాత ఉర్సినస్ స్ట్రాస్‌బర్గ్, బాసెల్, జ్యూరిక్, జెనీవా అన్నీ తిరిగాడు, జెనీవాలో కాల్విన్ తన పుస్తకాలు సంతకం చేసి మరీ ఇచ్చాడట.

1558లో సొంతూరికి వచ్చి ఎలిజబెత్ స్కూల్లో టీచర్‌గా చేరాడు. అక్కడ ప్రభు భోజనం (చర్చిలో రొట్టె, గిన్నె పంచుకునే ఆచారం, బల్ల అని కూడా అంటాం) గురించి ఆయన చెప్పిన పాఠం మీద గోల మొదలైంది, రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందనే లూథర్ పక్షమా, అలా కాదనే జ్యూరిక్ పక్షమా తేల్చు అన్నారు. ఆయన కొన్ని సిద్ధాంత వాక్యాలు రాసి తన వైపు వివరణ ఇచ్చుకున్నాడు గానీ గోల ఆగలేదు, ఇక కొట్లాడుతూ కూర్చోకుండా 1560లో ఉద్యోగం వదిలేసి జ్యూరిక్ వెళ్ళిపోయాడు, అదే ఏడాది ఏప్రిల్‌లో గురువు మెలంక్తన్ కూడా చనిపోయాడు. ఉద్యోగం లేదు, గురువు లేడు, ఊళ్ళో చోటు లేదు, వయసు చూస్తే పాతికేళ్ళు. మూడేళ్ళు తిరక్కుండానే ఆ కుర్రాడు “నీకున్న ఒకే ఒక ఆదరణ ఏమిటి?” అనే ప్రశ్నతో ఒక పుస్తకం మొదలుపెట్టాడంటే ఆ ప్రశ్న ఊరికే రాలేదని నా నమ్మకం.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): ఈ కేటకిజం ఎవరు రాయమన్నారు? ఇద్దరు కలిసి రాశారని ఒకచోట చదివాను, నిజమేనా?

జవాబు: రాయమన్నది జర్మనీలోని పాలటినేట్ అనే సంస్థానం ప్రభువు మూడో ఫ్రెడరిక్. జర్మన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఏడుగురిలో ఒకడు, రాజధాని హైడెల్‌బర్గ్. 1559లో ఆయన గద్దెనెక్కే టైమ్‌కి ఊరి చర్చిలో పెద్ద రగడ నడుస్తోంది. హెషూసియుస్ అనే లూథరన్ పెద్ద ఒకవైపు, క్లెబిట్జ్ అనే చిన్న పాస్టర్ ఇంకోవైపు, ఇద్దరూ బల్ల దగ్గరే గిన్నె కోసం పెనుగులాడారని చెప్తారు. ఆలోచించండి, ప్రభువు బల్ల, ఎదురుగా సంఘం నిలబడి ఉంది, ఇద్దరు సేవకులు గిన్నె లాక్కుంటున్నారు. ఫ్రెడరిక్ ఇద్దర్నీ పంపించేశాడు, తర్వాత తనే బైబిల్ ముందేసుకుని ఈ విషయం చదవడం మొదలుపెట్టాడు, చదివి చదివి రిఫార్మ్డ్ వైపు, అంటే జ్యూరిక్, జెనీవా సంఘాల బోధ వైపు వచ్చాడు. పిల్లలకి, స్కూల్ టీచర్లకి, పాస్టర్లకి అందరికీ ఒకే పాఠం ఉండాలి అనుకున్నాడు.

దీనికోసం మొదట పీటర్ మార్టిర్ వెర్మిగ్లి అనే పెద్దాయన్ని హైడెల్‌బర్గ్ రమ్మంటే ఆయన వయసైపోయింది రాలేనన్నాడు, దాంతో 1561లో ఉర్సినస్ వచ్చాడు, పాస్టర్లని తయారుచేసే కాలేజీ అప్పగించారు. ఇక మీరు చదివిన రెండో మనిషి కాస్పర్ ఒలేవియానుస్. పాత పుస్తకాల్లో ఇద్దర్నీ సమానంగా రచయితలుగా చెప్పేవాళ్ళు, ఇప్పుడు పండితులు చాలావరకు ముఖ్య రచయిత ఉర్సినస్ అనీ, చుట్టూ ఒక కమిటీ పనిచేసిందనీ అంటున్నారు. ఫ్రెడరిక్ తన ముందుమాటలో కూడా వేదాంత అధ్యాపకులు, సూపరింటెండెంట్లు, ముఖ్య సేవకులు అందరి సలహాతో చేశామనే రాశాడు, ఆ ముందుమాట మీద తేదీ 1563 జనవరి 19. ఉర్సినస్ అంతకుముందే 323 ప్రశ్నలతో ఒక పెద్దది, 108 ప్రశ్నలతో ఒక చిన్నది రెండు కేటకిజాలు రాసి పెట్టుకున్నాడు, ఆ రెండూ కూడా ఆదరణ ప్రశ్నతోనే మొదలవుతాయి, కాబట్టి అసలు గొంతు ఎవరిదో మీకే అర్థమవుతుంది. అప్పటికి ఆయన వయసు 28.

ప్రశ్న (ఒంగోలు నుంచి): చిన్నప్పుడు మా తాతగారు ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించేవారు, ఒక్కటీ బుర్రకెక్కేది కాదు. ఇది దానికంటే వేరుగా ఉంటుందా?

జవాబు: బట్టీ పట్టించారనేది దీనికీ వర్తిస్తుందండీ, ఇది కూడా పిల్లల చేత వల్లె వేయించడానికి రాసిందే. కానీ ఒక్కసారి మొదటి ప్రశ్న చూడండి. బ్రతుకులోనైనా చావులోనైనా నీకున్న ఒకే ఒక ఆదరణ ఏంటి? జవాబు నా మాటల్లో చెప్తాను: నేను నా సొత్తు కాను, శరీరం ఆత్మ రెండూ, బ్రతికినా చచ్చినా, నా నమ్మకమైన రక్షకుడు యేసుక్రీస్తు సొత్తు. ఆయన తన రక్తంతో నా పాపాలకి మొత్తం వెల చెల్లించాడు, పరలోకపు తండ్రి చిత్తం లేకుండా నా తల మీద వెంట్రుక కూడా రాలదు. ఇందులో దేవుడు ఎవరు అనో మనిషి ఎందుకు పుట్టాడు అనో అడగలేదు, “నువ్వు” అని పిలిచి అడిగాడు, జవాబులో “నేను” అని పలికించాడు. పదేళ్ళ పిల్లాడు వల్లె వేసేది వేదాంతం గురించి కాదు, తన గురించే. ఈ పుస్తకం ప్రాణం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది, 129 ప్రశ్నల్లో చాలావరకు ఈ నువ్వు-నేను పోదు. ఏదో ఒక సిద్ధాంతం చెప్పి వెంటనే దీనివల్ల నీకేం లాభం, ఇది నిన్నెలా ఆదరిస్తుంది అని అడుగుతాడు. పునరుత్థానం గురించి అడిగినా అంతే, తీర్పు తీర్చడానికి క్రీస్తు రావడం గురించి అడిగినా అంతే, చాలామంది పిల్లల్ని భయపెట్టడానికి వాడే టాపిక్‌ని తీసుకుని ఇది నీకు ఏ ఆదరణ ఇస్తుందో చెప్పు అంటాడు!

మొత్తం మూడు భాగాలు. మన దురవస్థ, విడుదల, కృతజ్ఞత. మొదటిది బాగా చిన్నది, మూడు నుంచి పదకొండో ప్రశ్న వరకే, పాపం గురించి చెప్పాల్సింది చెప్పి త్వరగా ముందుకెళ్ళిపోతాడు. రెండోది 85 వరకు, అందులో విశ్వాస ప్రమాణం, బాప్తిస్మం, ప్రభు భోజనం ఉంటాయి. మిగిలింది మూడోది, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన. ఆజ్ఞలు కృతజ్ఞత కింద పెట్టాడు చూశారా, రక్షణ పొందినవాడు దేవుడికి థాంక్స్ చెప్పే పద్ధతి ఆజ్ఞలు పాటించడం అన్నమాట. లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజంలో ఆజ్ఞలు అన్నిటికంటే ముందు ఉంటాయి, ఇక్కడ చివరికి జరిగాయి.

బల్ల గురించి కూడా ఒకటి చెప్పాలి. అంత గొడవ జరిగిన ఊళ్ళో రాసినది కదా, 75వ జవాబు ఎలా ఉందంటే, నా కోసం రొట్టె విరవడం, గిన్నె నా చేతికి ఇవ్వడం నా కళ్ళతో ఎంత నిశ్చయంగా చూస్తున్నానో, ఆయన శరీరం నా కోసం సిలువ మీద అర్పించబడిందన్నది కూడా అంతే నిశ్చయం అంటాడు. గిన్నె కోసం లాక్కున్న చోట గిన్నెని చూసి నమ్ము అని నేర్పించాడు. ఇక్కడ ఆయన ఎవర్నీ తిట్టలేదు, అలాగని తన మాట దాచుకోనూ లేదు, రొట్టె శరీరంగా మారదు, క్రీస్తు శరీరం పరలోకంలో ఉంది, ఆత్మ ద్వారా మనం ఆయనతో ఏకమవుతాం అని స్పష్టంగా చెప్పాడు. 80వ ప్రశ్న మాత్రం వేరు. మొదటి ముద్రణలో అది లేదు, అదే ఏడాది రెండో ముద్రణలో చేర్చారు, క్యాథలిక్ పూజని శాపగ్రస్తమైన విగ్రహారాధన అనే మాట ఆ తర్వాత వచ్చింది. ఆ మాట మిగతా పుస్తకం స్వరంతో కలవదు, ఈ రోజుల్లో కొన్ని రిఫార్మ్డ్ సంఘాలు దాన్ని బ్రాకెట్‌లో పెట్టడమో నోట్ రాయడమో చేస్తున్నాయి, నాకైతే అది సరైన పనే అనిపిస్తుంది.

ప్రశ్న (నరసరావుపేట నుంచి, లూథరన్ సంఘం): మా పుస్తకంలో రెండో ఆజ్ఞ దేవుని నామం వ్యర్థంగా ఉచ్చరించకూడదని. మా ఆవిడ వాళ్ళు బాప్టిస్టులు, వాళ్ళకి రెండోది విగ్రహం గురించి. ఎవరిది కరెక్ట్?

జవాబు: బైబిల్లో మాటలు ఒకటేనండీ, నంబర్లు వేసుకోవడంలో తేడా. లూథరన్లు, క్యాథలిక్కులు విగ్రహం మాటని మొదటి ఆజ్ఞలో కలిపేసి చివర్లో ఆశించకూడదు అనేదాన్ని రెండు చేస్తారు. రిఫార్మ్డ్ వాళ్ళు విగ్రహాన్ని విడిగా రెండోదిగా లెక్కేసి ఆశించకూడదు అనేదాన్ని ఒకటే ఉంచుతారు, ఉర్సినస్ పుస్తకంలో కూడా అలాగే ఉంది, బాప్టిస్టులు ఆ లెక్కనే పాటిస్తారు. ఇంట్లో దీనికోసం వాదించుకోకండి, ఇద్దరికీ పదే వస్తాయి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక స్టూడెంట్): రిఫార్మ్డ్ అంటేనే ప్రిడెస్టినేషన్ (ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే ఏర్పరచుకున్నాడనే బోధ) కదా సార్. ఇందులో దాని గురించి ఎన్ని ప్రశ్నలున్నాయి?

జవాబు: దానికోసమే పెట్టిన ప్రశ్న ఒక్కటీ లేదు బాబూ. ఏర్పరచుకోబడిన సంఘం అని 54వ జవాబులో వస్తుంది, 52లో ఒక మాట తగులుతుంది, అంతే. ఉర్సినస్‌కి ఆ సిద్ధాంతం మీద నమ్మకం లేక కాదు, క్లాసులో చెప్పేవాడు, కానీ పిల్లల చేతికి ఇచ్చే పుస్తకంలో దాన్ని ముందుకి తేలేదు.

ప్రశ్న (విజయవాడ నుంచి): ఆయన అంత శాంత స్వభావుడైతే ఆ రోజుల్లో హైడెల్‌బర్గ్‌లో మనుషుల్ని చంపారని ఎలా విన్నాను?

జవాబు: విన్నది నిజమే. 1572 డిసెంబర్‌లో యోహాన్ సిల్వానుస్ అనే పాస్టర్‌కి త్రిత్వాన్ని కాదన్నందుకు హైడెల్‌బర్గ్ సంతలో తల నరికారు, ఫ్రెడరిక్ అభిప్రాయం అడిగితే అక్కడి వేదాంతులు మరణశిక్షే చెప్పారు. అప్పటి చట్టం అదే, అప్పటి లోకం అదే అని అనొచ్చు, కానీ ఆదరణ గురించి అంత బాగా రాసిన ఊళ్ళోనే ఇది జరిగింది, చదివినప్పుడల్లా నాకు మనసు కష్టంగానే ఉంటుంది, దాన్ని చిన్నది చేసి చెప్పను.

ప్రశ్న (అమెరికా, డల్లాస్ నుంచి): చివరికి ఆయన ఏమయ్యాడు?

జవాబు: మళ్ళీ ఊరు వదలాల్సి వచ్చింది. 1555లో ఔగ్స్‌బర్గ్‌లో కుదిరిన మత ఒప్పందం ప్రకారం జర్మనీలో క్యాథలిక్కులకి, లూథరన్లకి మాత్రమే చోటుంది, రిఫార్మ్డ్ వాళ్ళ పేరే అందులో లేదు. అందుకే 1566లో ఔగ్స్‌బర్గ్ సభలో ఫ్రెడరిక్ మీద విచారణలాంటిది జరిగింది, ఈ కేటకిజం మార్చుకో అంటే ఆయన దీంట్లో ప్రతి మాట లేఖనాల నుంచే వచ్చింది, తప్పుంటే లేఖనాలతోనే చూపించండి అని నిలబడ్డాడు. కానీ 1576లో ఆయన పోగానే కొడుకు లుడ్విగ్ గట్టి లూథరన్, రిఫార్మ్డ్ పాస్టర్లనీ ప్రొఫెసర్లనీ తీసేశాడు, 1577లో ఉర్సినస్ పని కూడా పోయింది. ఇంకో కొడుకు యోహాన్ కాసిమిర్ తన చిన్న భాగంలో నోయ్‌స్టాట్ అనే ఊళ్ళో 1578లో ఒక కాలేజీ పెడితే అక్కడ చేరాడు, ఒంట్లో బాగోకపోయినా పాఠాలు చెప్తూనే, లూథరన్ల కొత్త ప్రమాణ పత్రానికి జవాబుగా 1581లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆయన గది తలుపు మీద లాటిన్‌లో “మిత్రమా, ఎవరైనా సరే, క్లుప్తంగా మాట్లాడు, లేదా వెళ్ళిపో, లేదా నా పనిలో సాయం చెయ్” అని రాసి ఉండేదని చెప్తారు, అంత పనిభారం ఆ మనిషి మీద. 1583 మార్చి 6న చనిపోయాడు, 48 ఏళ్ళు. అదే ఏడాది అక్టోబర్‌లో లుడ్విగ్ కూడా పోయాడు, కాసిమిర్ చేతికి హైడెల్‌బర్గ్ వచ్చింది, రిఫార్మ్డ్ వాళ్ళు తిరిగి వెళ్ళారు. ఏడు నెలల తేడాతో ఉర్సినస్ ఆ రోజు చూడకుండా పోయాడు.

ప్రశ్న (మచిలీపట్నం నుంచి): మన వైపు ఈ పుస్తకం ఎప్పుడైనా వచ్చిందా?

జవాబు: డచ్చి వాళ్ళతో వచ్చింది. 1566లోనే పెత్రుస్ దాథేనుస్ దీన్ని డచ్చిలోకి తెచ్చాడు, 1618-19లో డచ్చి రిఫార్మ్డ్ సంఘాలు జరుపుకున్న డోర్ట్ సభ దీన్ని తమ సంఘం ప్రమాణ పత్రంగా ఖాయం చేసి ప్రతి ఆదివారం మధ్యాహ్నం దీని మీద ప్రసంగం ఉండాలంది, 52 ఆదివారాలకి సరిపోయేలా భాగాలు ముందే ఉన్నాయి. మీ ఊళ్ళో డచ్చి కంపెనీ 1605లో కొట్టు తెరిచింది, తర్వాత పులికాట్‌లో కోట కట్టుకున్నారు, అక్కడ పనిచేసిన రిఫార్మ్డ్ పాస్టర్ అబ్రహాం రోజేరియుస్ ఒక బ్రాహ్మణుడి సాయంతో ఇక్కడి మతాచారాల గురించి రాసిన పుస్తకం 1651లో లైడెన్‌లో అచ్చయింది. ఆ పాస్టర్లు సంతకం పెట్టి ఒప్పుకున్న ప్రమాణ పత్రాల్లో హైడెల్‌బర్గ్ కేటకిజం ఒకటి.

ప్రశ్న (ఏలూరు నుంచి): చదవాలనుంది, మొదట్నుంచి చదవాలా?

జవాబు: మొదటి ప్రశ్న చదివి నేరుగా 26, 27, 28కి వెళ్ళండి. 27లో వర్షం, కరువు, పండిన ఏడు, ఎండిన ఏడు, ఆరోగ్యం, జబ్బు, కలిమి, లేమి అన్నీ తండ్రి చేతి నుంచే వస్తాయి అంటాడు, వ్యవసాయం చేసే ఇంటివాళ్ళు అది చదివి ఊరుకోలేరు. తర్వాత 110, దొంగతనం గురించి. కోర్టు శిక్షించే దొంగతనం ఒక్కటే కాదట, తప్పుడు తూకం, తప్పుడు కొలత, నాసిరకం సరుకు, దొంగ నాణెం, వడ్డీ దోపిడీ అన్నీ అందులోకే వస్తాయట. ఆ పక్కనే 111, పొరుగువాడికి లాభం కలిగేలా చూడు, లేనివాళ్ళకి సాయం చేసేలా నమ్మకంగా పనిచెయ్ అని. ఆ రెండూ కలిపి మీ యూత్ మీటింగ్‌లో ఒక సాయంత్రం చదవండి. ఇంకా లోతుగా కావాలంటే ఆయన క్లాసులో చెప్పిన వివరణలని శిష్యుడు డేవిడ్ పారెయుస్ సరిచేసి పుస్తకంగా తెచ్చాడు, చాలా పెద్దది, ఇంగ్లీషులో దొరుకుతుంది.