ట్రాక్టర్ వెనక హిచ్ (పనిముట్టును తగిలించే మూడు లింకుల అమరిక) ఏ సైజో ఎలా తెలుసుకోవాలి? కేటగిరీ-1నా, 2నా?

రెండు కింది లింకుల (పనిముట్టును ఎత్తే కడ్డీల) చివర ఉండే బాల్ రంధ్రాన్ని కొలిస్తే తేలిపోతుంది: అందులో 22 మి.మీ. పిన్ను సరిగ్గా కూర్చుంటే కేటగిరీ-1, 28 మి.మీ. పిన్ను కూర్చుంటే కేటగిరీ-2. టాప్ లింక్ (పై కడ్డీ) పిన్ను వరుసగా 19, 25 మి.మీ. ఉంటుంది.

పనిముట్టును లాగే బలమంతా ఈ పిన్నుల మీదే పడుతుంది. రంధ్రంలో పిన్ను వదులుగా ఉంటే ప్రతి కుదుపుకూ కొట్టుకుని బాల్ అరుగుతుంది, చివరికి పిన్ను వంగుతుంది. కేటగిరీ-2లో రెండు కింది పిన్నుల మధ్య దూరం కూడా ఎక్కువే.

దేవరకొండ వైపు చెల్క దున్నడానికి 22 మి.మీ. పిన్నులున్న పాత కల్టివేటర్ కొన్నారనుకోండి. ట్రాక్టర్ కేటగిరీ-2 అయితే పిన్నులకు ఇనుప బుష్‌లు (గొట్టంలాంటి తొడుగులు) తొడిగితే సరిపోతుంది. అయితే లింకులు లోపలికి దగ్గరవుతాయి కాబట్టి, ఎత్తి దించేటప్పుడు టైర్లకు గానీ గొలుసులకు గానీ తగలకుండా చూసుకోవాలి. పిన్ను 28, రంధ్రం 22 అయితే మాత్రం బాల్‌ను తొలిపించవద్దు, బలం పోతుంది.

చాలామంది హెచ్‌పీని బట్టి కేటగిరీ చెప్పేస్తారు. 40-45 హెచ్‌పీ దగ్గర రెండు రకాలూ కనిపిస్తాయి, పాత బండికి లింకులు మార్చి ఉండొచ్చు కూడా. వెర్నియర్‌తో (మి.మీ. కచ్చితంగా చూపే కొలత సాధనంతో) కొలవడమే నయం.