కళాసంస్థలకు సలహాదారు: రుసుము ఎలా, ఆరంభం ఎక్కడ?

ప్రశ్న: పన్నెండేళ్లు ఒక కంపెనీ ఖాతాల విభాగంలో పనిచేసి ఈ మధ్యే మానేశాను. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులను చూసినప్పటి నుంచి, ఇటువంటి బృందాలకు, చిన్న నాటక సమాజాలకు గ్రాంట్ల విషయంలో సలహాదారుగా ఉండాలనిపిస్తోంది. వచ్చిన గ్రాంటులో పది శాతం తీసుకోవడం మామూలేనని ఒకరు చెప్పారు. అది సరైనదేనా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: శాతం లెక్కన తీసుకోవద్దమ్మా. గ్రాంటు మంజూరయ్యేది కళాకారుల పారితోషికానికి ఇంత, ప్రయాణానికి ఇంత, బొమ్మల తయారీకి ఇంత అని పద్దుల వారీగా. మీ వాటాకు అందులో పద్దు ఉండదు కనుక, దాన్ని మేకతోళ్ల కొనుగోలు కిందో భోజనాల కిందో లేని బిల్లుతో చూపించవలసి వస్తుంది. ఏడాది చివర, డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని చెప్పే వినియోగ ధ్రువపత్రం మీద సంతకం చేసేది సంఘం కార్యదర్శి, అంటే చాలాచోట్ల బొమ్మలాడించే పెద్దాయనే. రేపు తనిఖీలో జవాబు చెప్పుకోవలసిందీ ఆయనే.

శాతం ఆశ దరఖాస్తులోని అంకెలను కూడా పెంచుతుంది. ఆశ లేకపోయినా నేను ఆ తప్పు చేశాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక నాటక సమాజానికి, చూడటానికి బాగుంటుందని, ఏడాదికి 30 ప్రదర్శనలని రాశాను. నటుల్లో సగంమంది వ్యవసాయ కూలీలని, నాట్లప్పుడూ కోతలప్పుడూ ఊరు దాటలేరని అడిగి తెలుసుకోలేదు. గ్రాంటు వచ్చింది, చివరి రెండు నెలల్లో 18 ఆటలు ఆడవలసి వచ్చి, పద్యం పాడే ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుచేత రోజు లెక్కనో, పని మొత్తానికో రుసుము ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోండి. గ్రాంటు ఇచ్చేవారు ఒప్పుకుంటే దాన్ని బడ్జెట్‌లోనే వృత్తి రుసుముగా బాహాటంగా చూపించండి. స్థోమత ఉన్న ట్రస్టుల దగ్గర పూర్తిగా, చిన్న బృందాల దగ్గర తగ్గించి తీసుకోవచ్చు.

ఆరంభం మాత్రం కార్యదర్శి ఇంట్లోని ట్రంకుపెట్టె దగ్గరే. సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, మినిట్స్ పుస్తకం, పాన్ కార్డు, పాసుబుక్కు బయటికి తీయించి చూడండి. ఆట తాలూకు డబ్బూ ఇంటిఖర్చూ ఒకే ఖాతాలో కలిసిపోయి ఉంటాయి. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం సంప్రదాయ కళలు, హస్తకళలు సీఎస్‌ఆర్ నిధులకు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బుకు, అర్హమైనవే. అయితే బయటి సంఘం ద్వారా ఆ పని చేయించాలంటే దానికి మూడేళ్ల పని చరిత్ర, ఆదాయపు పన్ను శాఖ నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైతే వచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు ఉండాలి. ఆడిట్ చేయించిన మూడేళ్ల లెక్కలు లేక ఎంత మంచి బృందమైనా గడప దగ్గరే ఆగిపోతుంది. మీ పన్నెండేళ్ల అనుభవం అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

అమెరికాలోని బంధువులు పంపే విరాళాల గురించి తప్పకుండా అడుగుతారు. భారత పౌరసత్వం ఉన్నవారు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేనిదే ముట్టుకోకూడదు.

తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన నిమ్మలకుంటలో ఇప్పుడు తోలుతో దీపాల షేడ్లు చేసి అమ్ముకుంటున్న కుటుంబాలున్నాయి. అటువంటి బృందం మీ దగ్గరకు వస్తే అమ్మకాలకు ఒక పుస్తకం, ఆటకు ఒక పుస్తకం మొదటి నెలలోనే విడిగా తెరిపించండి. దరఖాస్తు రాయడానికి ముందు ఒక రాత్రి తెర వెనక కూర్చుని ఆట పూర్తిగా చూడండి.