యుద్ధక్రీడ బల్ల మీద పెద్ద తెరచాప ఓడలు

ప్రశ్న: నెపోలియన్ కాలపు బ్రిటిష్, ఫ్రెంచి సైనికుల 1/72 స్కేలు (అసలు కొలతలో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల మీద యుద్ధక్రీడ ఆడుతుంటాను. 1804లో మా ఊరి రేవు ముందు జరిగిన నౌకాయుద్ధాన్ని ఆడాలని ఉంది. అదే స్కేలులో పెద్ద ఓడలు చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేసుకోవచ్చు, కాని యుద్ధం మొత్తానికి కాదు. ఆ ఏడాది సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినువా, 74 ఫిరంగుల ‘మరెంగో’తోను, ఫ్రిగేట్లనే చిన్న, వేగవంతమైన యుద్ధనౌకలు మరి రెండింటితోను వచ్చి, రేవు ముందు లంగరు వేసి ఉన్న 50 ఫిరంగుల ‘సెంచూరియన్’ మీద పడ్డాడు. పక్కనే ఉన్న వర్తక నౌకల్లో ‘బార్నబీ’ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలిపోయింది, ‘ప్రిన్సెస్ షార్లెట్’ ఫ్రెంచివారికి చిక్కింది, ‘సెంచూరియన్’ మాత్రం చిక్కలేదు. ఇప్పుడు మీ బల్లను కొలవండి. ‘మరెంగో’ పొడవు దాదాపు 56 మీటర్లు కాబట్టి 1/72లో దాని ఒళ్లే 78 సెంటీమీటర్లు అవుతుంది, ముందుకు పొడుచుకొచ్చే కొయ్యతో కలిపితే మీటరు దాటుతుంది. మీ ఆరడుగుల బల్ల ఆ స్కేలులో సుమారు 130 మీటర్ల సముద్రం మాత్రమే. వందల మీటర్ల దూరం నుంచి ఫిరంగులు కాల్చుకున్న ఓడలను అంత ఇరుకులో పెడితే అవి కదలడానికే చోటుండదు. అందుచేత యుద్ధం మొత్తాన్ని 1/700లో ఆడండి. ఆ స్కేలులో ‘మరెంగో’ 8 సెంటీమీటర్లే ఉంటుంది, తీరమూ ఇసుక మేటలూ బల్ల మీదికి వస్తాయి.

మీ సైనికుల కోసం పెద్ద ఓడ ఒక్కటే చేయండి, అది ‘సెంచూరియన్’ కావడం అన్ని విధాలా మేలు. సుమారు 146 అడుగుల ఆ ఓడ 1/72లో 62 సెంటీమీటర్లకు వస్తుంది, పైగా లంగరు మీద ఉన్న ఓడ కాబట్టి బల్ల మీద దాన్ని అటూ ఇటూ జరపవలసిన పని అంతగా ఉండదు. నీటిగీతకు పైభాగాన్ని మాత్రమే బాల్సా కర్రతోనో ఫోమ్ బోర్డుతోనో చేసి, అడుగు చదునుగా ఉంచండి. దుకాణాల్లో దొరికే కిట్‌తో పని కానిద్దామని చాలామందికి అనిపిస్తుంది గాని, కొనేముందు స్కేలు చూడాలి. బ్రిటిష్ యుద్ధనౌక ‘విక్టరీ’కి పేరున్న కిట్లలో హెల్లర్ వారిది 1/100, ఎయిర్‌ఫిక్స్ వారి పెద్దది 1/180. ఆరడుగుల మనిషి 1/72లో 25 మిల్లీమీటర్లు ఉంటే 1/100లో 18 మాత్రమే ఉంటాడు కాబట్టి, ఆ డెక్కు మీద మీ సైనికుడు తలుపులో పట్టడు.

ఓడ కంటే ముందు పడవలు చేయమని గట్టిగా చెబుతాను. కోరమాండల్ తీరంలో పెద్ద ఓడలు దూరంగా ఆగితే, మనుషులనూ సరకులనూ అలలు దాటించినవి మేకులు లేకుండా పలకలను నారతాళ్లతో కుట్టిన మసూలా పడవలే. సుమారు 9 మీటర్ల పడవ మీ స్కేలులో పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక సాయంత్రంలో పూర్తయ్యే పని. పోరు మొదలైనప్పుడు ‘సెంచూరియన్’ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు, ఓడ బాధ్యత లెఫ్టినెంట్ ఫిలిప్స్ మీద పడింది. గుండ్లు పడుతుండగా కెప్టెన్‌ను పడవలో ఓడకు చేర్చడమే లక్ష్యంగా పెట్టుకుంటే, మీ సైనికులూ ఓడా తీరమూ మూడూ ఒకే ఆటలో కలుస్తాయి. ఈ తీరానికే చెందిన ఇంత మంచి ఘట్టం మీ చేతిలో ఉండగా, మరో సముద్రపు యుద్ధం కోసం వెతకవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ప్రశ్న: ఓడ తాళ్లన్నీ కట్టాలా? కడితే బొమ్మలు జరపడానికి చెయ్యి పట్టడం లేదు.
– మరొక పాఠకుడు

జవాబు: తెరచాప కొయ్యలను నిలబెట్టే తాళ్లు కట్టండి, తెరచాపలను తిప్పే తాళ్లు వదిలేయండి. లంగరు వేసిన ఓడకు తెరచాపలు చుట్టి కట్టేసి ఉండటమే సహజం కనుక డెక్కు మీద చోటు దానంతట అదే తెరుచుకుంటుంది. పక్క తాళ్లను నేరుగా ఓడ ఒంటికి అంటించకుండా, సన్నని పలక ముక్కకు కట్టి, ఆ ముక్క ఓడ పక్కన గాడిలో దిగేటట్లు చేస్తే, కొయ్యను తాళ్లతో సహా పైకి తీసి పక్కన పెట్టవచ్చు, పెట్టెలో సర్దడమూ సులువవుతుంది. నూలు దారం వాడేటట్లయితే ముందుగా తేనెమైనం మీద లాగండి, నూగు అణిగిపోతుంది.