నరాల బలహీనతా, డిప్రెషనా?

ప్రశ్న: తమ్ముడు గల్ఫ్ వెళ్ళినప్పటి నుంచి, అంటే ఏడాదిగా, మా అమ్మకు నీరసం, ఒళ్ళు మంటలు, తలపోటు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఊళ్ళో నరాల బలహీనత అని బలానికి సూదులు వేశారు. థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. అమలాపురంలో మానసిక వైద్యులు డిప్రెషన్ అన్నారు. ‘నాకు ఒంట్లోనే బాగోలేదు, మనసుకేమీ లేదు’ అంటుంది అమ్మ. అది పాశ్చాత్యుల జబ్బని విన్నాం. వైద్యులు పొరబడ్డారా?
— ఒక పాఠకురాలు, రాజోలు ప్రాంతం

జవాబు: పొరబడ్డారని నేను అనుకోను, అలాగని మీ అమ్మగారు చెబుతున్నదీ అబద్ధం కాదు. ‘నరాల బలహీనత’ అనే అర్థం వచ్చే పేరే చైనాలోనూ ఉండేది. ఆ పేరుతో చికిత్సకు వచ్చిన 100 మందిని హునాన్ రాష్ట్రంలో పరీక్షించిన అమెరికన్ వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్, వారిలో 87 మందికి తీవ్రమైన డిప్రెషన్ ఉన్నట్టు 1982లో ప్రకటించారు. 14 దేశాల్లో, మన బెంగళూరుతో సహా, డిప్రెషన్ ఉన్న 1,146 మంది వివరాలను పరిశీలించి 1999లో వెలువరించిన అధ్యయనంలో 69 శాతం మంది ఒంటి బాధలు మాత్రమే చెప్పుకుంటూ వైద్యుల దగ్గరకు వచ్చినవారే. అయితే నేరుగా అడిగినప్పుడు కూడా మనసుకు బాధ లేదన్నవారు 11 శాతమే. అసలు ‘కొడుకు మీద బెంగతో చిక్కిపోయింది’ అనే మాట మనకు ఎవరో పశ్చిమం నుంచి తెచ్చి ఇచ్చింది కాదు కదా!

మెదడు అడుగుభాగమైన మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే కొన్ని నరాల దారులు సెరటోనిన్, నార్ ఎడ్రినలిన్ అనే రసాయనాల సాయంతో నొప్పిని అదుపు చేస్తుంటాయి. డిప్రెషన్‌లో ఈ అదుపు సడలడం వల్ల నొప్పులు ఎక్కువగా తెలుస్తాయని వైద్యులు భావిస్తున్నారు. ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ హార్మోను కూడా చాలామందిలో లయ తప్పుతుంది. కాబట్టి నరాలన్న మాటలో కొంత నిజం ఉన్నా, బలం సూదితో అది నయం కాదు.



‘దిగులుగా ఉందా?’ అని అడిగితే అమ్మగారు మళ్ళీ మనసుకేమీ లేదనే అనవచ్చు, అలా అడగకండి. తమ్ముడి ఫోను వచ్చినప్పుడైనా సంతోషం కలుగుతోందా, గుడికి వెళ్ళాలనిపిస్తోందా, వంట మీద మునుపటి శ్రద్ధ ఉందా అని అడగండి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది; వైద్యులను అడగకుండా మధ్యలో మానిపించవద్దు. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం సలహాదారులు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.