కళ్లెం నోట్లో, పగ్గం చేతిలో

ప్రశ్న: మావాడు తెలుగు పరీక్షలో 'ధరలకు పగ్గం వేయాలి' అని రాస్తే, టీచర్ గారు 'పగ్గం' కొట్టేసి 'కళ్లెం' అని దిద్దారు. రెండూ గుర్రానికి కట్టేవే కదండీ! తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: టీచర్ గారు దిద్దింది సబబేనమ్మా. మార్కు కూడా కోసి ఉంటే మాత్రం నేను మీవాడి పక్షం. ధరలు పట్టపగ్గాల్లేకుండా పెరుగుతున్నాయని మనమే అంటాం, వాటికి కళ్లెం వేయాలనీ మనమే అంటాం. పిల్లాడు రెంటినీ కలిపేశాడు, అంతే.

కళ్లెం గుర్రం తలకు తొడిగేది. పగ్గం దానికి తగిలించిన తాడో, తోలు వారో. దాని రెండో కొస రౌతు చేతిలో ఉంటుంది. పేపర్ డెస్కులో హెడ్డింగులు పెట్టి పెట్టి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసిన లెక్క ఇది: అదుపు తప్పినదానికి కళ్లెం వేస్తారు, అధికారం దక్కినవాళ్లు పగ్గాలు చేపడతారు. 'పార్టీ కళ్లెం చేపట్టిన కొత్త అధ్యక్షుడు' అని రాస్తే ఆయన పాపం గుర్రపుశాలకు డ్యూటీకి వెళ్తున్నట్టుంటుంది.

మాది మలక్‌పేట. మౌలాలిలో 1868లో మొదలైన గుర్రప్పందేలు 1886లో మా పేటకు వచ్చాయి. పందెపు గుర్రాలను దగ్గర్నుంచి చూడనివ్వరు గానీ, పెళ్లిళ్ల సీజన్లో బరాత్ గుర్రం మా సందు మొగలోనే నిలబడుతుంది. గుర్రాన్ని చూసుకునే సాయీసు కళ్లెం తొడిగేటప్పుడు ఒకసారి ఆగి చూడండి. గుర్రానికి ఎడమ పక్కన నిలబడి, ఇనప కడ్డీని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు దాని నోటి మూలలోకి దూరుస్తాడు. కరవదా అంటే, అక్కడ పళ్లే ఉండవు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉత్త చిగురే. వేలు తగలగానే నోరు తెరుస్తుంది, కడ్డీ లోపలికి జారుతుంది. తర్వాత తలపట్టీని చెవుల వెనక్కి వేస్తాడు, ఒక్కో చెవినీ మెల్లగా వంచి బయటికి లాగుతాడు. గొంతు కింది పట్టీకి బకిల్ పెట్టి, సందులో పిడికిలి పడుతుందో లేదో చూస్తాడు. బిగిస్తే గుర్రం మెడ వంచలేదు. మరీ వదిలేస్తే, తల విదిలించినప్పుడు మొత్తం ఊడి చేతికొస్తుంది. కడ్డీ సరిగ్గా కూర్చుందనడానికి గుర్తు, నోటి మూలల్లో పడే ఒకటి రెండు ముడతలు.

ఈ పట్టీలూ కడ్డీ అన్నీ కలిపి కళ్లెమే. కొందరు ఒక్క కడ్డీనే కళ్లెమంటారు, అదీ తప్పు కాదు. ఆ కడ్డీ చిగురు మీద ఆనుతుంది కాబట్టే 450, 500 కిలోల జంతువు చిన్న లాగుడుకే దారికొస్తుంది. 'నోటికి కళ్లెం' అనే మాటకు అంత పదును అక్కడి నుంచే వచ్చింది. మన హైదరాబాదీ ఉర్దూలో 'జబాన్ కో లగామ్ దో' అన్నా ఇదే. పగ్గం ఎంత లాగినా లెక్కచెయ్యని గుర్రాన్ని వాళ్లు 'ముహ్‌జోర్' అంటారు, నోటి బలం ఉన్నదని! ఎదురు మాట్లాడే మనిషిని కూడా అదే మాటతో తిడతారు. నాకు భలే ఇష్టమైన తిట్టు.

సంస్కృతంలోనూ ఈ రెంటికీ వేరు వేరు మాటలున్నాయి. అమరకోశం కళ్లేనికి కవిక, ఖలీనం అని రెండు పేర్లు చెప్పింది. ఇందులో ఖలీనం గ్రీకు నుంచి వచ్చిందంటారు. గుర్రాల బేరాలతో పాటు మాటలూ చేతులు మారాయన్నమాట. పగ్గం మాత్రం ప్రగ్రహం నుంచి పుట్టింది. కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, బుద్ధి సారథి, మనసేమో ప్రగ్రహం. సారథి చేతిలో ఉండేది కాబట్టి అక్కడ పగ్గమే ఉండాలి, కళ్లెం కుదరదు. 'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది' అని మనవాళ్లన్నదీ ఆ చేతిని చూసే.

ముకుతాడును దీంతో కలపకండి. అది ఎద్దుకు ముక్కు కుట్టి వేసేది. మొగుళ్లకు వేస్తారని చెప్పుకునేది కూడా అదే!

ప్రశ్న: కౌబాయ్ సినిమాల్లో కొన్ని గుర్రాల నోట్లో ఇనుమే కనిపించదు. దాన్నీ కళ్లెమే అనొచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: నిక్షేపంగా అనొచ్చు. దాన్ని హాకమోర్ అంటారు. ఒత్తిడి నోటి మీద కాకుండా ముక్కు దూలం మీద పడుతుంది. స్పానిష్ 'హాకిమా' నుంచి వచ్చిన మాట, దానికి మూలం అరబీ 'షకీమా'. తమాషా ఏమిటంటే, అరబీలో ఆ మాటకు అర్థం నోట్లో పెట్టే కడ్డీయే.

ప్రశ్న: పెళ్లి గుర్రం కళ్ల పక్కన తోలు ముక్కలు కడతారు. పాపం దానికి ఏమీ కనిపించదా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: ముందుకు శుభ్రంగా కనిపిస్తుందమ్మా. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కదా, దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా కొంచెం మేర తప్ప అంతా దానికి కనిపిస్తున్నట్టే. బ్యాండు మేళం, టపాకాయలు, పక్కనుంచి దూసుకొచ్చే ఆటోలు, ఇవన్నీ ఒకేసారి కంటబడితే బెదరదూ? అందుకే పక్కచూపు, వెనకచూపు మూస్తారు. రేసుల్లోనూ కొన్ని గుర్రాలకు ఇవి పెడతారు, వాళ్లు బ్లింకర్స్ అంటారు. మనం గంతలనే అంటాం గానీ, 'కళ్లకు గంతలు కట్టారు' అన్నప్పుడు మనకు గుర్తొచ్చేది గానుగెద్దు. తిరిగి తిరిగి దానికి కళ్లు తిరగకుండా చూపు మొత్తం మూసేస్తారు. పెళ్లి గుర్రానిది ఆ అవస్థ కాదు. నన్నడిగితే, దాని చెవుల్లో దూది పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండును. డీజే మోత మనకే టెన్షన్ పుట్టిస్తోంది.

ప్రశ్న: కళ్లెంకు బహువచనం కళ్లాలా, కళ్లేలా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: పళ్లెం పళ్లాలూ అవుతుంది, పళ్లేలూ అవుతుంది. కళ్లెమూ అంతే, రెండూ వాడుకలో ఉన్నాయి. నేనైతే కళ్లేలనే రాస్తాను. కళ్లాలంటే ధాన్యం నూర్చే చోట్లు కూడా కదా. అకాల వానలప్పుడు 'కళ్లాల్లో తడిసిన ధాన్యం' అని పేపర్లో చూస్తూనే ఉంటావు.