వ్యంగ్యంలో బూతు వినిపిస్తే అంత గొడవ ఎందుకు?

చాలాసార్లు గొడవ బూతు గురించి కాదు, అది ఏ వేళ, ఎవరి చెవిన పడిందన్నదాని గురించి. అమెరికా హాస్యనటుడు జార్జ్ కార్లిన్ ప్రసారాల్లో పలకకూడని మాటల్నే ఏరి, వాటి మీద ఒక ప్రదర్శన కట్టాడు. 1973లో న్యూయార్క్‌లోని ఒక రేడియో దాన్ని మధ్యాహ్నం రెండు గంటలకు వినిపించింది. కొడుకుతో కారులో వెళ్తూ విన్న ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిల్లలు వినే వేళల్లో అలాంటి ప్రసారాలను కట్టడి చేయొచ్చని 1978లో కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. టికెట్ కొనుక్కుని వచ్చి విన్నవాళ్ల సంగతి వేరు కదా!

అదే కోర్టు 1988లో, మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్‌ను ఒక పత్రిక పచ్చిగా ఎగతాళి చేసిన కేసులో ఏకగ్రీవంగా పత్రిక పక్షానే నిలిచింది. ప్రజాజీవితంలో ఉన్నవాళ్లు, నిజమని ఎవరూ నమ్మని వెటకారాన్ని, అది ఎంత మోటుగా ఉన్నా, భరించాల్సిందేనంది.

వ్యంగ్యానికి ఇంకో తలనొప్పి ఉంది. రచయిత తాను వెక్కిరించే పాత్ర నోట్లోనే బూతు పెడతాడు. ముందూ వెనకా కత్తిరించిన క్లిప్ చూసినవాళ్లకు అది రచయితే తిట్టినట్టు ఉంటుంది. అయితే ఆ తిట్టు బలవంతుడికి కాక బలహీనుడికి తగిలితే, ‘మీకు జోక్ అర్థం కాలేదు’ అనే సమర్థన నా దృష్టిలో చెల్లదు.